కొండదారిన గుర్రంతో ప్రయాణం



గజపతినగరంలో చంపావతి ఒడ్డున నిలబడి పడమటికి చూస్తే దూరాన నీలంగా కొండలు కనిపిస్తాయి. అవి తూర్పు కనుమలు. మన చంపావతి పుట్టేది ఆ కొండల్లోనే. శృంగవరపుకోట దాటి ఘాటురోడ్డు ఎక్కితే అనంతగిరి వస్తుంది, ఆ పైన అరకులోయ. ఇంకా లోపలికి పోతే పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి. 2022 నుంచి ఈ ప్రాంతమంతా అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది.

ఆ కొండల మీద బస్సు పోని గూడేలు ఇంకా ఉన్నాయి. అటువంటి చోట్ల గిరిజనులు చిన్న జాతి గుర్రాలను పెంచుతారు. సంతలో కొన్న బియ్యం, ఉప్పు ఆ గుర్రాల మీదనే కొండెక్కుతాయి. కొండ మీద పండిన కాఫీగింజలు, పసుపు, మిరియాలు వాటి మీదనే సంతకు దిగుతాయి. ఒక్కొక్కచోట బడికి పోయే పంతుళ్ళు కూడా గుర్రమెక్కి పోయారు. మనకు సైకిలు ఎట్లాగో, ఎద్దుబండి ఎట్లాగో, వాళ్ళకు గుర్రం అట్లాగ.

సరే, సంక్రాంతి సెలవులు వచ్చాయనుకోండి. మీ నాన్నగారో, మేనమామో వెంట ఉన్నారు. దారి తెలిసిన గుర్రపు యజమాని ఒకాయన, “రండి, మా కొండదారిలో రెండురోజులు తిప్పి తీసుకువస్తాను,” అన్నాడు. మీరేం సిద్ధం చేసుకుంటారు? టార్చిలైటు, బిస్కెట్లు, కెమెరా అంటారు గదా? ముందు వాటిని పక్కన పెట్టి, కాగితమూ పెన్సిలూ తీసుకోండి. గుర్రపు ప్రయాణం లెక్కతో మొదలవుతుంది.

ఐదవ వంతు లెక్క

గుర్రం ఎంత బరువు మొయ్యగలదు? అనుభవజ్ఞులు చాలాకాలంగా చెప్పే మాట ఒకటున్నది: తన బరువులో ఐదవ వంతు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో శాస్త్రజ్ఞులు ఎనిమిది గుర్రాలతో దీన్ని పరీక్షించి 2008లో ప్రకటించారు. గుర్రం బరువులో నూటికి 15, 20, 25, 30 పాళ్ళ చొప్పున బరువులు వేసి నడిపించి చూచారు. 20 పాళ్ళ వరకు గుర్రాలు బాగానే ఉన్నాయి. 25కు, 30కి పోయేసరికి గుండె వేగం బాగా హెచ్చింది, కండరాలు నొప్పిపెట్టాయి.

మరి కొండ మీద గుర్రాన్ని తూచటానికి తక్కెడ ఎక్కడిది? తక్కెడ అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందుకాళ్ళ వెనుకగా గుర్రం ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలవండి. తరువాత భుజం ఎముక మొన నుంచి వెనుక పిరుదు మొన దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చవేసి, 11,900తో భాగించండి. గుర్రం బరువు ఇంచుమించు కిలోలలో వస్తుంది.

ఒక చిన్న గుర్రం చుట్టుకొలత 145, పొడవు 140 అనుకుందాం. 145ను 145తో హెచ్చిస్తే 21,025. దాన్ని 140తో హెచ్చిస్తే 29,43,500. 11,900తో భాగిస్తే సుమారు 247 కిలోలు. ఇందులో ఐదవ వంతు 49 కిలోలు.

జీను, దాని కింద వేసే కంబళి, కళ్ళెం కలిసి 8 కిలోలు ఉన్నాయనుకుంటే, మిగిలినది 41. ఆరవ తరగతి పిల్లవాడు 32 కిలోలుంటే, సామానుకు దక్కేది 9 కిలోలు. అరవై అయిదు కిలోల నాన్నగారి మాటేమిటి? ఆయన ఈ గుర్రాన్ని ఎక్కకూడదు. నడవాలి. ఇందులో చిన్నతనమేమీ లేదు. ఆ కొండల్లో చాలాసార్లు బియ్యం బస్తా గుర్రం మీద ఉంటుంది, యజమాని గుర్రం ముందు నడుస్తాడు.

మన దేశంలో దీనికి చట్టం కూడా ఉన్నది. 1965లో వచ్చిన నిబంధనల ప్రకారం చిన్న గుర్రం మీద వెయ్యదగిన బరువు 70 కిలోలకు మించకూడదు. కాని మన లెక్కలో 49 మాత్రమే వచ్చింది గదా! 70ని అయిదుతో హెచ్చిస్తే 350. అంటే 350 కిలోల గుర్రానికి 70 సరిపోతుంది. మన గుర్రం అంతకంటే చిన్నది. చట్టం చెప్పేది దాటరాని హద్దు మాత్రమే. ఆ హద్దు లోపల ఎంత అన్నది మన ఎదుట ఉన్న గుర్రాన్ని చూచి తేల్చుకోవాలి. దారి ఏటవాలుగా ఉంటే ఇంకా తగ్గించాలి.

సంచి సర్దటం

తొమ్మిది కిలోలలో ఏమేమి పడతాయి? ఒక దుప్పటి, వానకు కప్పుకునే గుడ్డ, దోమతెర, ఒక జత బట్టలు, నీళ్ళసీసా, టార్చి, సన్నని గట్టి తాడు, అటుకులు బెల్లం, మందుల పొట్లం. మందులలో గాయానికి కట్టే గుడ్డ, విరేచనాలకు ఇచ్చే ఉప్పు పంచదార పొట్లాలు తప్పక ఉండాలి. ఏజెన్సీలో మలేరియా జ్వరం వస్తుంటుంది కనుక దోమతెరను బరువని వదిలెయ్యకండి. బయలుదేరబోయేముందు డాక్టరుగారిని కూడా అడగండి.

నేను ముప్పయి ఏళ్ళకు పైగా బడిపిల్లలను విహారయాత్రలకు తీసుకుపోయాను. తిరిగి వచ్చాక వాళ్ళ సంచులు విప్పితే సగం సామాను పెట్టినది పెట్టినట్లే ఉండేది. అందుచేత నా సలహా ఏమంటే, కావాలనుకున్నవన్నీ చాప మీద పరచండి. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, “ఇది లేకపోతే నాకేమవుతుంది?” అని అడగండి. “ఏమీ కాదు” అని జవాబు వస్తే దాన్ని బీరువాలో పెట్టెయ్యండి.

మిగిలినవాటిని రెండు సంచులు చెయ్యండి. రెండూ సమానమైన బరువు ఉండాలి. కావడి మోసేవాణ్ణి చూచారు గదా! ఒక బుట్ట బరువైతే కావడిబద్ద ఆ పక్కకే ఒరుగుతుంది. గుర్రం మీద జీను కూడా అట్లాగే ఒరుగుతుంది. ఒరిగిన జీను అడుగడుగునా వీపును రాస్తుంది, పుండు పడుతుంది. ఒక పక్క పావుకిలో తక్కువైతే అటుపక్కకు నీళ్ళసీసా మార్చండి. గలగల మోగే చెంబులూ గిన్నెలూ పైన వేలాడగట్టకండి. ఆ చప్పుడుకు గుర్రం బెదురుతుంది.

గుర్రానికి కనిపించే ప్రపంచం

గుర్రం ఎందుకు బెదురుతుందో తెలుసునా? అడవిలో దాని పూర్వులు పులులకూ తోడేళ్ళకూ ఆహారమైన జంతువులు. వాటికి కొమ్ములు లేవు, గోళ్ళు లేవు. ముందుగా పసిగట్టి పరుగెత్తటమే వాటి రక్షణ. అందుకే గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. కదలకుండా నిలబడే అది తన చుట్టూ ఇంచుమించు అంతా చూడగలదు. రెండేచోట్లు దానికి కనిపించవు: నుదుటికి సరిగ్గా ఎదురుగా కొంచెం మేర, తోకకు సరిగ్గా వెనుక.

ఈ సంగతి తెలిస్తే గుర్రం దగ్గరకు ఎట్లా పోవాలో మీకే తెలుస్తుంది. వెనుకనుంచి పోకూడదు. కనిపించని చోట ఏదో కదిలిందంటే అది ముందు తన్ని, తరువాత చూస్తుంది. పక్కనుంచి, ఎడమ భుజం వైపు, మెల్లగా మాట్లాడుతూ పోవాలి. మెడ మీద చెయ్యి వెయ్యాలి. ఏదైనా తినిపించాలంటే అరచెయ్యి చాచి, వేళ్ళు దగ్గరగా పెట్టి, దాని మీద ఉంచాలి.

చెవులు దాని మనసును చెబుతాయి. ముందుకు నిక్కితే ఏదో ఆసక్తిగా చూస్తున్నదని అర్థం. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిరుగుతూ ఉంటే దారినీ వింటున్నది, మిమ్మల్నీ వింటున్నది. రెండూ వెనక్కు వాలి మెడకు అంటుకుపోతే కోపం వచ్చింది, దూరం జరగండి.

గుర్రాన్ని పట్టుకున్న తాడును ఎన్నడూ చేతికి చుట్టుకోకండి. అది ఉలిక్కిపడి లాగితే మీ వేళ్ళు దానితోనే పోతాయి. తాడును మడతలుగా అరచేతిలో పట్టుకోవాలి.

ఎక్కటం, కూర్చోవటం

పొడుగు లాగూ వేసుకోండి, లేకపోతే తొడలు ఒరుసుకుపోతాయి. మడమ దగ్గర కొంచెం ఎత్తు ఉన్న బూట్లు తొడుక్కోండి. కాలు పెట్టుకునే ఇనుపకొండిని రికాబు అంటారు. మడమ ఎత్తు లేని జోడు అందులోంచి జారి, పాదం అవతలికి దూరిపోతుంది. అప్పుడు పడితే కాలు చిక్కుకుని గుర్రం ఈడ్చుకుపోతుంది. తలకు గట్టి టోపీ, గడ్డం కింద పట్టీతో ఉండాలి. ఆడపిల్లలు జడను ముడిచి, ఓణీని నడుముకు బిగించుకోవాలి. గాలికి ఎగిరే గుడ్డ ఏదీ ఉండకూడదు.

గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కటం ఆచారం. వెనుకటి రౌతులు ఎడమ మొలకు కత్తి కట్టుకునేవారు. ఎడమకాలు రికాబులో పెట్టి కుడికాలు అవతలికి వేస్తే కత్తి అడ్డురాదు. కత్తులు పోయాయి కాని ఆచారం నిలిచింది. గుర్రాలు దానికే అలవాటు పడ్డాయి.

జీనును పట్టి ఉంచేది పొట్ట కింద బిగించే పట్టా. దీన్ని తంగు అంటారు. జీను వేసేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బించి నిలబడతాయి! తరువాత గాలి వదలగానే తంగు వదులవుతుంది. ఎక్కబోయేముందు ఒకసారి, పావుగంట నడిచిన తరువాత ఇంకొకసారి తంగును సరిచూడమని యజమానిని అడగండి.

ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం ముందుకు వంగండి, వెనుకకాళ్ళకు బలం దొరుకుతుంది. పల్లం దిగేటప్పుడు నిటారుగా, కొంచెం వెనక్కు వాలి, మడమలు కిందికి నొక్కి కూర్చోండి. దారి మరీ ఏటవాలైతే దిగి నడవటం అన్నిటికంటే మంచిది.

దాణా, నీరు, విశ్రాంతి

“గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని సామెత. దాణా ఎంత పెట్టాలో ఎట్లా పెట్టాలో మాత్రం సామెత చెప్పదు. గుర్రం శరీరం పెద్దదే గాని జీర్ణకోశం చిన్నది. పైగా అది మనలాగా వాంతి చేసుకోలేదు. ఒక్కసారిగా గింజలు ఎక్కువ తింటే కడుపులో శూల పుడుతుంది, ప్రాణం పోయినా పోవచ్చును. కాబట్టి గడ్డి రోజంతా కొంచెం కొంచెంగా ఉండాలి. నానబెట్టిన ఉలవలు కొద్దికొద్దిగా పెట్టాలి. ఉలవలను ఇంగ్లీషులో ‘హార్స్ గ్రామ్’, అంటే గుర్రపు పప్పు, అంటారు! పిల్లలు ముద్దుకొద్దీ బిస్కెట్లు, అన్నం పెట్టకూడదు. యజమానిని అడిగి, ఆయన ఇవ్వమన్నదే ఇవ్వాలి.

నీరు చిన్న గుర్రానికి కూడా రోజుకు రెండు బిందెలకు తక్కువ కాకుండా కావాలి. ఎండలో ఎత్తు ఎక్కితే ఇంకా ఎక్కువ. దారిలో గెడ్డలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ నెలలో ఏది ఎండిపోతుందో బయలుదేరకముందే అడిగి రాసుకోండి.

గుర్రం అలిసిందో లేదో ఎట్లా తెలుస్తుంది? దాని నాడి చూడవచ్చును. దవడ ఎముక కింద లోపలి అంచున వేళ్ళు ఆనిస్తే తెలుస్తుంది. నిలకడగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. మన నాడి కంటే నెమ్మది! ఎత్తు ఎక్కిన తరువాత బాగా పెరుగుతుంది, విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది. ప్రపంచంలో జరిగే దూరప్రయాణపు గుర్రపు పందేలలో, విశ్రాంతి తరువాత కూడా నాడి నిమిషానికి 64కు దిగకపోతే గుర్రాన్ని పందెంలోంచి తప్పించే నియమం చాలాచోట్ల ఉన్నది. మనం పందేనికి పోవటం లేదు. మన గుర్రం అంతకంటే సుఖంగా ఉండాలి.

1965 నాటి నిబంధనలలోనే విశ్రాంతి సంగతి కూడా ఉన్నది. బరువు మోసే జంతువుచేత రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి ఇవ్వకుండా అయిదు గంటలకు మించకూడదు. వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు అసలు చేయించకూడదు.

భారతంలో సైంధవ వధ కథ మీకు తెలుసును. సూర్యుడు అస్తమించేలోగా సైంధవుణ్ణి చంపుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేశాడు. ఒక్క క్షణం కూడా వృథా చెయ్యటానికి వీల్లేదు. అయినా యుద్ధం మధ్యలో గుర్రాలు బాణాల దెబ్బలతో, దాహంతో సొమ్మసిల్లితే రథం ఆపారు. అర్జునుడు బాణంతో నేలలోంచి నీరు తెప్పించి శత్రువులను అడ్డుకుంటూ నిలిచాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, బాణాలు పీకి, ఒళ్ళు రుద్ది, నీళ్ళు తాగించి, మళ్ళీ రథానికి కట్టాడు. అంత తొందరలో ఉన్నవాళ్ళకే తీరిక దొరికింది. సెలవుల్లో కొండ చూడపోయే మనకు దొరకకపోతుందా?

దారి తెలిసినవాని మాట

పల్లంలో గుర్రం గంటకు ఆరు కిలోమీటర్లు నడిస్తే, కొండదారిలో మూడో నాలుగో నడుస్తుంది. పది కిలోమీటర్లకు మూడు గంటలు పైన వేసుకోండి. చీకటిపడేలోగా గూడెం చేరేటట్లు తెల్లవారగానే బయలుదేరాలి. ఎత్తుకు పోయినకొద్దీ చలి పెరుగుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. అరకులోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. మన ఊళ్ళో ఉక్కపోస్తున్నా అక్కడికి ఉన్నిచొక్కా కావాలి.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానాకాలం, కొండదారులు జారతాయి. అక్టోబరు, నవంబరులలో తుఫానులు రావచ్చును. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను అరకు కొండల మీది చెట్లను కూడా కూల్చింది. కనుక డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మంచివి. అప్పుడైనా వాతావరణ వార్త విని బయలుదేరాలి. ఏ దారిన పోతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్ళాలి. కొండల్లో చాలాచోట్ల సెల్‌ఫోను పలకదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. దారిలో గుర్రపు యజమాని మాటే మాట. మోకాటి లోతున పారే గెడ్డ దగ్గర ఆయన ఆగితే మీరూ ఆగాలి. మన తల మీద ఎండ కాస్తున్నా, పైన కొండ మీద వాన పడి ఉండవచ్చును. నీరు ఎర్రబడితే, ఆకులూ పుల్లలూ కొట్టుకువస్తే, వరద వస్తున్నదని ఆయనకు తెలుసును. “మామయ్యా, ఇంత చిన్న గెడ్డే గదా, దాటేద్దాం,” అని తొందరపెట్టకండి. పట్నం చదువు చదివిన మనకంటే ఆ గెడ్డను గురించి ఆయన చదివినది ఎక్కువ.

బయలుదేరటానికి ముందు ఒక వారం ఇంటి దగ్గర సాధన చెయ్యండి. రోజూ పొద్దున్నే చంపావతి గట్టున రెండు మూడు కిలోమీటర్లు నడవండి. తాడు ఒక కొస లాగగానే ఊడే ముడి వెయ్యటం నేర్చుకోండి. కట్టిన గుర్రం బెదిరి చిక్కుకుంటే ఆ ముడి దాని ప్రాణం కాపాడుతుంది. టేపుతో కొలిచే పద్ధతిని మీ ఇంటి పక్క కోడెదూడ మీద అభ్యాసం చెయ్యవచ్చును. లెక్క మాత్రం దూడకు సరిపోదు సుమా!

తల్లిదండ్రులకు ఒక మాట. మనకు ఈ సవారీ రెండు రోజుల వేడుక. ఆ గుర్రం ఎల్లుండి సంతకు పోవాలి. దాని వీపు మీద పుండు పడితే మానేదాకా జీను వెయ్యకూడదు. మానటానికి వారాలు పడుతుంది. అన్ని వారాలూ ఆ ఇంటి బియ్యం ఆ ఇంటి ఆడవాళ్ళ తలల మీద కొండెక్కుతుంది. మీరు ఇచ్చిన డబ్బు ఆ నష్టాన్ని తీర్చదు. పిల్లవాడు మారాం చేసినా, “ఇక్కడ దిగి నడుద్దాం,” అని మీరే ముందు అనండి.

పిల్లలూ, తిరిగి వచ్చాక యజమాని జీను తీసేటప్పుడు పక్కన నిలబడి గుర్రం వీపు చూడండి. జీను ఉన్నంతమేరా చెమట సమంగా పట్టి ఉంటే సామాను సరిగా సర్దారని అర్థం. మధ్యలో ఒకచోట పొడిగా ఉంటే అక్కడ బరువు నొక్కింది. అది ఎక్కడో గుర్తుపెట్టుకుని, మళ్ళీసారి సంచులు మార్చి కట్టండి. చెమట తుడిచి, నీళ్ళు పెట్టి, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళు తీసేటప్పుడు యజమానికి సాయం చెయ్యండి. ఆ తరువాత మీ భోజనం.